ఆరుద్ర తార: ఉబ్బిన దేహం, పలుచని వాయువు

చేవెళ్ల, మొయినాబాద్ మండలాల రైతులు జూన్ నాలుగో వారంలో ప్రవేశించే ఆరుద్ర కార్తెను వానాకాలపు విత్తుకు మంచి అదనుగా చూస్తారు. సూర్యుడు ఆరుద్ర నక్షత్రంతో కూడి ఉండే రోజులే ఆ కార్తె కనుక, అప్పుడు ఆ తార పగటి వెలుగులో మరుగున పడి కంటికి ఆనదు. డిసెంబరు మూడో వారానికి పొద్దుగుంకే వేళ అది హైదరాబాద్ దీపకాంతి పరచుకున్న తూర్పు దిక్కున ఎర్రగా ఉదయించి, అర్ధరాత్రికి దాదాపు నడినెత్తికి చేరుతుంది.

పాశ్చాత్యులు బెటెల్‌గూస్ అని పిలిచే ఈ తార అరుణ మహాతారల కోవలోనిది. అంటే, భారీ ద్రవ్యరాశితో పుట్టి, గర్భంలోని హైడ్రోజన్ ఇంధనాన్ని వేగంగా ఖర్చు చేసుకుని, పైపొరలు ఉబ్బిపోగా ఉపరితలం చల్లబడి ఎరుపెక్కిన వృద్ధతార. సూర్యుడి వయసు సుమారు 460 కోట్ల ఏళ్లు కాగా, దీనికి కోటి ఏళ్లు మించి ఉండవు. దీని వ్యాసార్ధం సూర్యుడికి 750 రెట్లకు పైగా ఉంటుందని, సూర్యుడి స్థానంలో దీన్ని ఉంచితే అంగారక కక్ష్య కూడా దీని కడుపులోనే ఇమిడిపోతుందని లెక్కలు చెబుతున్నాయి. ఘనపరిమాణం 40 కోట్ల రెట్లు దాటినా ద్రవ్యరాశి 20 రెట్లకు లోపే ఉండటంతో, దీని సగటు సాంద్రత మనం పీల్చే గాలి కంటే వేల రెట్లు తక్కువ. ఉపరితల ఉష్ణోగ్రత 3,300 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఉన్నా, వైశాల్యం అపారం కనుక ఇది సూర్యుడి కంటే సుమారు లక్ష రెట్లు ఎక్కువ శక్తిని వెలువరిస్తుంది.

1920 డిసెంబరులో మౌంట్ విల్సన్ వేధశాలలో మైకెల్‌సన్, పీజ్ కాంతి తరంగాల వ్యతికరణం ఆధారంగా దీని కోణీయ వ్యాసాన్ని కొలిచారు. సూర్యుడు కాక మరో తార పరిమాణాన్ని నేరుగా కొలవడం అదే మొదలు. నిజామియా వేధశాల ఉద్యోగి కుమారుడిగా హైదరాబాద్‌లో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి, ఇలాంటి చల్లని తారల వర్ణపటంలో కాల్షియం ఉద్గార రేఖ ఎంత వెడల్పుగా ఉంటే తార సహజకాంతి అంత ఎక్కువని నిరూపించడంతో, వాటి దూరాలను అంచనా వేసే మార్గం దొరికింది.

పలుచని పైపొరలపై పట్టు సడలినందున ఈ తార తన పదార్థాన్ని తరచూ వెలికి చిమ్ముతుంది. 2019 చివర నుంచి 2020 ఫిబ్రవరి దాకా ఇది అసాధారణంగా మసకబారడానికి అలా వెలువడిన వాయువు చల్లబడి ధూళిగా మారి అడ్డుపడటం ప్రధాన కారణమని తేలింది. రాబోయే లక్ష ఏళ్లలో ఎప్పుడో ఇది సూపర్‌నోవాగా పేలుతుందని, 500 కాంతి సంవత్సరాలకు పైగా దూరం ఉన్నందున భూమికి ముప్పు ఉండదని శాస్త్రజ్ఞులు అంటున్నారు. వారి అంచనా నిజమైతే, నేడు 100 కోట్ల కిలోమీటర్ల వ్యాసంతో ఉన్న ఈ తారలో చివరకు మిగిలే న్యూట్రాన్ తార వ్యాసం 20 కిలోమీటర్ల ప్రాంతంలో, అంటే మొయినాబాద్ నుంచి చేవెళ్లకు ఉన్న దూరానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అయినా సూర్యుణ్ణి మించిన ద్రవ్యరాశి ఆ కాస్త చోటులోనే ఇమిడి ఉంటుంది.