రోగం పేరు తెలిసీ...

నేను మాదాపూర్ హాస్టల్లో ఉండగా గదికి నలుగురం. ఇద్దరు సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు, ఇద్దరం నర్సింగు విద్యార్థినులం. వాళ్లు సైబర్ టవర్స్ వైపు నైట్‌షిఫ్టుకు వెళ్లే వేళకే మేమూ వార్డు డ్యూటీకి బస్సెక్కేవాళ్లం.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర చెడటం రెండు వారాలు విడవకుండా ఉంటే డిప్రెషనేమోనని చూడాలి. పరీక్షలో ఇది రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే! అవే లక్షణాలు నాకొస్తే మాత్రం డ్యూటీ అలసట అనుకున్నాను. తర్వాత తెలిసినా డాక్టరు దగ్గరికి పోలేదు. నలుగురికీ తెలిస్తే రేపు ఉద్యోగమెవరిస్తారని భయం.

నేనొక్కదాన్నే కాదు లెండి. జాతీయ వైద్య కమిషన్ కార్యదళం 2024 నివేదికలో, సర్వేకు జవాబిచ్చిన ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల్లో 27.8 శాతం తమకు మానసిక సమస్య ఉందన్నారు. మరి ఎదురుగా కనిపించేవాళ్లంతా నవ్వుతూనే ఉంటారు గదా!

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, కొద్ది మినహాయింపులు తప్ప, చికిత్స వివరాలు గుట్టుగా ఉంచమనడం రోగి హక్కు. ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416. రాత్రింబవళ్లు, తెలుగులో, ఉచితంగా మాట్లాడతారు.

రాత్రి రెండింటికి మెట్లమీద కూర్చుని ఫోన్ చేశాను. "అన్నం తిన్నావామ్మా?" అన్నారు అవతలివారు. లేదన్నాను. మాట అక్కడ మొదలై, ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి చేర్చింది.