సాంచాల ఊళ్ళో ప్రేమకథ: ఏ ఊహను నవల చెయ్యాలి?



నవల రాయాలన్న కోరిక పుట్టిన యువతీ యువకులకు ఊహల కొరత ఉండదు. ఉన్నవాటిలో దేన్ని పట్టుకోవాలో తేలకపోవడమే వాళ్ళ చిక్కు. ఒకటి మొదలుపెట్టి ముప్ఫై పేజీలు రాస్తారు. అది సాగదు. రెండోదాన్ని అందుకుంటారు. అదీ సాగదు. నోటుపుస్తకాలు నిండుతాయిగాని నవల పుట్టదు. పదహారు, పద్దెనిమిదేళ్ళ పిల్లలు చదువుకునే ప్రేమ నవల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ప్రేమకథ అనగానే చదివిన నవలలు, చూసిన సినిమాలు వరసగా వచ్చి కళ్ళముందు నిలబడతాయి. అందులో మన సొంత ఊహ ఏదో, అరువు తెచ్చుకున్నది ఏదో పోల్చుకోవడం కష్టమైపోతుంది.

దీన్ని ఊరికే సూత్రాలుగా చెప్పుకుంటే లాభం లేదు. ఒక ఊరిని తీసుకుని చూద్దాం. మహారాష్ట్రలో ఠాణా జిల్లా భివండీ మీలో చాలామందికి తెలిసిన ఊరే. మన సరిహద్దు జిల్లాల నేత కుటుంబాల నుంచి ఎందరో బతుకుతెరువు కోసం అక్కడికి వెళ్ళారు. నిజామాబాదులోనో కామారెడ్డిలోనో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి కల్యాణ్‌లో దిగి, అక్కడినుంచి భివండీ చేరిన బంధువులు మీ ఇంట్లోనూ ఉండవచ్చు. అక్కడ పద్మనగర్ అనే పేట ఉంది. మన పద్మశాలీలు స్థిరపడిన చోటు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన బొంబాయి మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత చాలా మిల్లులు మళ్ళీ కోలుకోలేదు. గుడ్డ నేత భివండీ వంటి ఊళ్ళలోని పవర్‌లూముల మీదికి మరింతగా మళ్ళింది. మనవాళ్ళు వాటిని సాంచాలంటారు. నేనూ ఆ మాటే వాడతాను.

పద్మనగర్‌లో పుట్టి పెరిగిన ఒక అమ్మాయి ప్రేమ నవల రాయాలనుకున్నదనుకుందాం. తన ఈడు పిల్లలు చదవాలని ఆమె కోరిక. ఆమె దగ్గర నాలుగు ఊహలున్నాయి. ఆమె పక్కన కూర్చుని వాటిని ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది సేటు కొడుకు, కార్మికుడి కూతురు. చెప్పగానే మీకు నవ్వు వచ్చి ఉంటుంది. అయినా ఈ ఊహను చులకన చెయ్యకండి. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' వచ్చి దశాబ్దాలు గడిచినా దాన్ని ఇంకా చదువుతున్నారంటే, అందులో నాయకుడు డబ్బున్నవాడు కావడం ఒక్కటే కారణం కాదు. 1960లలో మధ్యతరగతి ఆడపిల్ల ఆఫీసులో ఉద్యోగం చెయ్యడం, తన జీతంతో తాను తలెత్తుకు నిలబడడం అప్పటి పాఠకురాళ్ళకు కొత్త విషయం. ఆ కొత్తదనం అక్కడ ఉన్నది. మన అమ్మాయి రాయబోయే కథలో ఆ కొత్తదనం ఏది? పైగా భివండీలో సేటు అన్న ప్రతివాడికీ కారూ బంగళా ఉండవు. పది పన్నెండు సాంచాలున్నవాడు వ్యాపారి దగ్గర నూలు తెచ్చుకుని, మీటరుకు ఇంత అని కూలికి నేసి ఇస్తాడు. కరెంటు బిల్లు వచ్చిన నెలలో అతనికీ నిద్ర ఉండదు. అతని కొడుకు రాత్రిపూట తానే సాంచాకు నూనె పోస్తుంటాడు. ఇక అంతస్తుల గోడ ఎక్కడుంది? ఈ ఊహ ఉన్నపళంగా సినిమానుంచి వచ్చింది, ఊరినుంచి రాలేదు. ఈ కథను భివండీనుంచి పెకలించి హైదరాబాదులోనో విజయవాడలోనో నాటినా ఆకు వాడకుండా బతుకుతుంది. అటువంటిదాన్ని పక్కన పెట్టమనే నేను చెబుతాను.

రెండోది చాలా బరువైన ఊహ. తెలుగు నేతకారుల అమ్మాయి, ఉత్తరప్రదేశ్‌నుంచి వచ్చిన అన్సారీ నేతకారుల అబ్బాయి. ఇద్దరి ఇళ్ళలోనూ అదే పడుగు, అదే పేక. 1984 మేలో భివండీలో మతకల్లోలం చెలరేగింది. అంతకుముందు 1970లోనూ ఆ ఊరు అటువంటి కల్లోలాన్నే చూసింది. ఆ రోజుల మధ్య ఒక ప్రేమ. ఈ కథను వేరే ఊళ్ళో నాటలేం, నిజమే. కాని ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. అంత పెద్ద సంఘటన కథలోకి రాగానే పిల్లలిద్దరూ చిన్నబోతారు. మంటలు, కర్ఫ్యూ, పారిపోవడం వీటి మధ్య వాళ్ళు ఒకరికొకరు ఏమవుతారన్నది రాయడానికి చోటు మిగలదు. ప్రేమకథకు ఊపు రావాలని కల్లోలాన్ని తెచ్చి పెట్టడం, ఆ రోజుల్లో నష్టపోయినవారి పట్ల మర్యాద కూడా కాదు. రెండువైపుల పెద్దల దగ్గరా ఏళ్ళతరబడి కూర్చుని విన్నవాళ్ళు రాయవలసిన నవల అది. మన అమ్మాయి దాన్ని పారెయ్యనక్కర్లేదు. రెండో నవలకో మూడో నవలకో దాచుకోమందాం.

మూడో ఊహ నాకు ఎంతో నచ్చింది. కార్ఖానాలో సాంచాలు నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట వినపడదు. నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడులో చెవి దగ్గర నోరుపెట్టి అరవాలి. అందుకని పనివాళ్ళు చేతులతో, కళ్ళతో, పెదవుల కదలికతో మాట్లాడుకోవడం అలవాటు చేసుకుంటారు. ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లుల్లో సాంచాల మీద పనిచేసిన స్త్రీలు కూడా పెదవులు చూసి మాట పోల్చుకునేవారు. దానికి 'మీ-మా' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. రాత్రి పాళీలో పనిచేసే కుర్రవాడు, కండెలు ఇవ్వడానికి వచ్చే అమ్మాయి ఆ చప్పుడులో సంజ్ఞలతోనే స్నేహం చేస్తారు. ఒక రాత్రి కరెంటు పోతుంది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. మొదటిసారి గొంతుతో మాట్లాడుకోవలసి వచ్చేసరికి ఇద్దరికీ మాట రాదు. ఎంత బాగుంది!

కాని ఇది ఒక దృశ్యం. ఆ రాత్రి తర్వాత ఏం జరుగుతుందని అడిగితే మన అమ్మాయి దగ్గర జవాబు లేదు. నవలకు కావలసినది ఒక మంచి రాత్రి మాత్రమే కాదు, ఆ రాత్రి వెనకాల వచ్చే మూడు వందల పగళ్ళు కూడా. ఇంకో సంగతి ఉంది. గంటలతరబడి కరెంటు కోత భివండీలో ఒకప్పటి మాట. 2007 జనవరిలో అక్కడి కరెంటు పంపిణీని టొరెంట్ పవర్ కంపెనీకి అప్పగించిన తర్వాత పరిస్థితి మారింది. కాబట్టి కథాకాలం ఏదో ముందే తేల్చుకోవాలి. ఈ కాలం లెక్క చిన్న విషయం కాదు. యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'వెన్నెల్లో ఆడపిల్ల' అంతా టెలిఫోనులో మాట్లాడే అమ్మాయి ఎవరో నాయకుడికి తెలియకపోవడం మీద నడుస్తుంది. పిలిచినవారి నంబరు తెరమీద కనిపించే ఈ రోజుల్లో ఆ కథను ఆ విధంగా నడపలేం. ప్రేమకు అడ్డు ఏ కాలానిదో కథ కూడా ఆ కాలానిదే.

ఇక నాలుగోది. దాన్ని మన అమ్మాయి అన్నిటికన్నా చివర, కాస్త సిగ్గుపడుతూ చెబుతుంది. ఇది కథేనా అని ఆమెకే అనుమానం. సిరిసిల్లనుంచి మేనబావ భివండీ వస్తాడు, సాంచా పని నేర్చుకోవడానికి. అతనికి ఇరవై, ఆమెకు పదిహేడు. చిన్నప్పటినుంచి అమ్మమ్మ మొదలు ఇరుగుపొరుగు దాకా 'నీ మొగుడొచ్చాడే' అని ఆటపట్టించినవాళ్ళే. బతుకమ్మ ఆడేటప్పుడు పక్క ఇంటి అక్క మోచేత్తో పొడుస్తుంది. ఆమెకు అతనంటే ఇష్టమే. అతనికీ ఇష్టమే. పెద్దవాళ్ళందరికీ సమ్మతమే.

మరి అడ్డు ఎక్కడుంది? అని మీరు అడుగుతారు. అందరూ ఒప్పుకోవడమే అడ్డు! తనకు కలిగిన ఇష్టం తనదో, పదేళ్ళుగా చుట్టూ వాళ్ళు చెవిలో పోసినదో ఆమెకు తెలియదు. రహస్యంగా ఒక చూపు చూసుకుందామంటే చూసి మురిసిపోయే సాక్షులు పదిమంది. ఆమెకు కల్యాణ్‌లో కాలేజీలో చేరాలని ఉంది. అతను చెల్లెలి పెళ్ళికోసం సేటు దగ్గర ముందుగా డబ్బు తీసుకున్నాడు. అది తీరేదాకా ఆ కార్ఖానా వదిలి కదలలేడు. ఆగమని చెప్పే ధైర్యం ఇద్దరికీ కావాలి. కాని ఆగమంటే పెద్దవాళ్ళు 'ఇష్టం లేదా?' అని అడుగుతారు. ఇష్టం ఉండి కూడా ఆగమనడం ఎట్లా అన్నది ఆ ఇంట్లో ఎవరికీ తెలియని విద్య. ఇందులో దుర్మార్గుడు ఎవడూ లేడు. మేనత్త మంచిది, నాన్న మంచివాడు. అయినా కథ ముందుకు నడుస్తుంది.

నేనైతే దీన్నే ఎంచుకోమంటాను. మూడో ఊహలోని సంజ్ఞల భాషను ఇందులోకి తెచ్చుకోవచ్చు. ఇంటినిండా జనం, కార్ఖానా నిండా చప్పుడు. వాళ్ళిద్దరూ ఒంటరిగా మాట్లాడుకోగల చోటు ఆ చప్పుడు ఒక్కటే. సినిమా ఇవ్వని ఏకాంతం అది.

ఈ కథ ఎత్తుకున్నవారు రెండు సంగతులు తెలుసుకుని ఉండాలి. మేనరికం మీద డాక్టర్లు చెప్పే మాట మీకు తెలుసు. దగ్గరి రక్తసంబంధంలో పుట్టే పిల్లలకు కొన్ని జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ. ఆ మాట నవలలో ఎవరో ఒకరి నోట రావలసిందే, స్కూలు టీచరో, నర్సో. రెండోది చట్టం. షేక్స్‌పియర్ జూలియెట్‌కు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆ కాలం వేరు. మన దేశంలో 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పెళ్ళికి అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి నిండాలి. 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిది నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది, వారి సమ్మతిని సమ్మతిగా లెక్కించదు. పదిహేడేళ్ళ నాయిక కథ రాసేవారు ఎంతదూరం వెళ్ళాలో, ఎక్కడ ఆగాలో దీన్నిబట్టి తేల్చుకోవాలి. చదివే పిల్ల వయసు కూడా పదిహేడే. తన ఇంట్లో రేపు జరగబోయే మాటలకు ఈ నవలలోంచి ఆమె జవాబులు వెతుక్కుంటుంది. ముహూర్తం పెట్టుకుందామని మేనత్త అడిగిన రోజున నాయిక ఏం చెప్పిందో ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంటుంది.

ఇక భాష మాట. పద్మనగర్ పిల్లలు ఇంట్లో తెలంగాణ తెలుగు మాట్లాడతారు, బజారులో హిందీ, బస్సులో మరాఠీ. బావ సిరిసిల్లనుంచి వచ్చాడు కనుక అతని తెలుగు ఇంకొంచెం చిక్కగా ఉంటుంది. ఆమె మాటల్లో దొర్లే హిందీకి అతను నవ్వుతాడు. ఈ తేడాను సంభాషణల్లో ఉంచుకోవాలి. కథనం మాత్రం అందరికీ అర్థమయ్యే తెలుగులో నడపవచ్చు.

ఎంపిక సరైనదో కాదో తెలుసుకోవడానికి కథాసారాంశం రాసుకుంటే తేలదు. సారాంశంలో అన్ని కథలూ బాగానే ఉంటాయి. నచ్చిన రెండు ఊహలు తీసుకుని ఒక్కోదాంట్లో మూడేసి దృశ్యాలు రాయాలి. వాటిలో ఒకటి ఏమీ జరగని మామూలు రోజుది కావాలి: ఆమె ఇంటిముందు కూర్చుని కండెలు చుడుతోంది, అతను రాత్రి పాళీ దిగి వస్తున్నాడు, చెవుల్లో ఇంకా సాంచా మోగుతోంది, ఆమె పిలిచింది వినపడలేదు. ఆ మామూలు రోజును రాయడానికి చెయ్యి ఉత్సాహపడితే నవల నిలుస్తుంది. ఆ తర్వాత అవి పదిహేడేళ్ళ పిల్ల ఒకతెకు చదివి వినిపించాలి. 'తర్వాత ఏమయింది?' అని అడిగితే సంతోషమే. 'ఆమె అప్పుడు ఎందుకు ఊరుకుంది?' అని కోపంగా అడిగితే మాత్రం ఇక ఆలస్యం చెయ్యకుండా మొదటి అధ్యాయానికి కూర్చోవచ్చు.