రెండడుగుల టైల్ రెండడుగులుండదు!

మా నానమ్మ జారిపడింది నేను సెలెక్ట్ చేసిన టైల్ మీదే. రెండేళ్ల క్రితం తెనాలిలో ఇల్లు బాగుచేయిస్తున్నప్పుడు నాన్న వాట్సాప్‌లో నాలుగు ఫొటోలు పెట్టారు. హైదరాబాద్‌లో ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని, అద్దంలా మెరిసేదానికి ఓకే చెప్పేశాను. మొన్న జూన్‌లో ఆవిడ బాత్రూంలోంచి తడి కాళ్లతో గదిలోకి అడుగుపెట్టింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, వాకర్ వచ్చింది. ఆవిడ ఇంటికొచ్చేలోగా ఆ ఫ్లోరింగ్ మార్చాలని లాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్లాను. చేతిలో పది రోజులు.

‘పాత టైల్ మీదే కొత్తది వేసేయండి సార్, పగలగొట్టే పని తప్పుతుంది’ అన్నాడు షాపతను. నాకూ అదే బాగుందనిపించింది. మా మేస్త్రీ గారు మాత్రం రూపాయి బిళ్లతో గదంతా కొట్టుకుంటూ వెళ్లారు. ‘విన్నావా బాబూ, డొల్ల మోగుతోంది. కింద పట్టు లేకపోతే పైదీ లేచొస్తుంది’ అన్నారు. పైగా గుమ్మం దగ్గర అరంగుళం ఎత్తు వస్తుంది. వాకర్ తట్టుకోవడానికి ఆ అరంగుళం చాలు. పగలగొట్టించాం.

ఇక ఎంపిక. తడి నేల మీద ఒట్టి కాళ్లకు పట్టు ఎంతుందో చూసి టైల్‌కి ఎ, బి, సి గ్రేడులిచ్చే జర్మన్ పద్ధతి ఒకటుంది, ‘సి’కి పట్టు ఎక్కువ. అదేమిటో షాపులో అడిగితే ‘మ్యాట్ అంటే మ్యాటే సార్’ అన్నారు. సరే అని శాంపిళ్లు కింద పెట్టించి, బాటిల్‌లో నీళ్లు, కాస్త సబ్బు నురగ పోసి, షూ విప్పి నిలబడ్డాను. షాపులో అందరూ నన్నే చూస్తున్నారు. ‘మ్యాట్’ అన్న మూడింట్లో రెండు జర్రున జారాయి! మూడోది గదికి తీసుకున్నాం. బాత్రూంకి అడుగు సైజు యాంటీ స్కిడ్. చిన్న పలకలైతే నీళ్లు పోయేలా వాటం తిప్పడం తేలిక, సందులు ఎక్కువుంటాయి కాబట్టి కాలికి పట్టు కూడా.

కొలతల దగ్గరే నా ఇంజినీరింగ్ బయటపడింది. గది పది బై పన్నెండు, అంటే 120 చదరపు అడుగులు. టూ బై టూ టైల్ 4 అడుగులు. ముప్పై టైల్స్. పెట్టెకి నాలుగు చొప్పున ఎనిమిది పెట్టెలు, ఇంకా రెండు మిగులు. ఎక్సెల్‌లో చూసి మురిసిపోయాను. అయితే ఆ టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లు, అంటే 23.6 అంగుళాలే. పెట్టె మీద రాసే ఉంది, నాలుగూ కలిపి 1.44 చదరపు మీటర్లు అని, దాదాపు పదిహేనున్నర అడుగులు. నేను చదవలేదు. ముప్పై పరిచాక రెండు గోడల పక్కన దాదాపు రెండేసి అంగుళాల సందు మిగిలింది! దానికి తోడు మూలమట్టం పెడితే ఒక గోడ వంకర. కోతల్లో రెండు విరిగాయి కూడా. మేస్త్రీ గారు ‘వందకి పది ఎక్కువ తీసుకోమని చెప్పానుగా’ అని కూడా అనలేదు, బీడీ వెలిగించుకున్నారు. అది ఇంకా కష్టంగా అనిపించింది.

తొమ్మిదో పెట్టెకి పరిగెత్తాను. అదే డిజైన్, బ్యాచ్ నంబరు వేరు. పక్కన పెట్టి చూస్తే కాస్త పసుపు. ‘గుమ్మం దగ్గర నిండు పలకలు రానీ, ఈ ముక్కలన్నీ మంచం కిందికి తోసేద్దాం’ అన్నారాయన. దారం కట్టి, రసమట్టం చూసుకుంటూ గుమ్మం నుంచి మొదలుపెట్టారు. పనయ్యాక రోజంతా ఎవర్నీ కాలు పెట్టనివ్వలేదు. మర్నాడు రూపాయి బిళ్లతో గదంతా నేనే కొట్టి చూశాను. ఎక్కడా డొల్ల లేదు.

తొమ్మిదో రోజు నానమ్మ వచ్చింది. వాకర్‌తో నాలుగడుగులు వేసి, నా భుజం పట్టుకుని మంచం మీద కూర్చుని, కిందికి వంగి చూసింది.

‘ఒరేయ్, ఈ మూల రంగు తేడాగా ఉందేంట్రా?’