పడుగు, పేక, ఆడపిల్లల కోటా

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే మా బండారులంకలో మగ్గాల దగ్గరా అదే కబురు. నూలు ధర, చీర బేరం మాటల మధ్యకి ఎవరి పిల్లకి ఎంత ర్యాంకన్నది దూరిపోతుంది. వెంటనే ఒక గొంతు లేస్తుంది: "ఆడపిల్లలకేంలే, వాళ్లకి కోటా ఉందిగా!" అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, కోటా లెక్క తెలియక అంటారు.

అపోహ: ఈఏపీసెట్‌లో ర్యాంకుతో సీటు తెచ్చుకున్న అమ్మాయిలు పోను, మరో మూడోవంతు సీట్లు వాళ్లకే ఇచ్చేస్తారు.

వాస్తవం: నేతపనివాళ్లకి ఇది చెప్పడం తేలిక. ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఓపెన్ అనే విభాగాలు పడుగు పోగుల్లాంటివి. నిలువుగా, దేనికది విడిగా ఉంటాయి. మహిళలకున్న 33⅓ శాతం పేక. ఆ ప్రతి విభాగంలోంచీ అడ్డంగా సాగిపోతుందే తప్ప విడిగా మరో పడుగు కాదు. ఈ నిలువు, అడ్డం తేడాని సుప్రీంకోర్టు 1992లో ఇంద్రా సాహ్నీ తీర్పులో చెప్పింది. లెక్క ఎలా కట్టాలో 2007లో రాజేష్ కుమార్ దరియా కేసులో విడమరిచింది.

ఒక విభాగంలో 30 సీట్లున్నాయనుకోండి. ర్యాంకు వరసలో మొదటి 30 మందిలో 12 మంది అమ్మాయిలుంటే కోటా పని అక్కడితో సరి. దాని పేరు చెప్పి ఒక్క సీటూ చేతులు మారదు. ఏడుగురే ఉన్నారనుకోండి, అప్పుడు అదే విభాగంలో తర్వాత ర్యాంకులున్న ముగ్గురు అమ్మాయిలు లోపలికొస్తారు. వరస చివరనున్న ముగ్గురు అబ్బాయిలు తప్పుకోవాలి. ఆ ముగ్గురి ఇళ్లలో బాధ ఉంటుంది, కాదనను. కానీ ఊళ్లో చెప్పుకునే లెక్కకీ దీనికీ ఎంత దూరమో చూడండి.

అపోహ: ఐఐటీల్లో అబ్బాయిల సీట్లు కోసి అమ్మాయిలకిచ్చారు.

వాస్తవం: కొయ్యలేదు. 2016లో ఐఐటీల్లో చేరినవాళ్లలో అమ్మాయిలు దాదాపు 8 శాతమే. అది చూసి మండి ఐఐటీ డైరెక్టర్ తిమోతీ గోన్సాల్వెస్ నాయకత్వంలోని కమిటీ సిఫార్సు మీద, ఉన్న సీట్లు ముట్టుకోకుండా కొత్త సీట్లు కలిపారు. 2018లో 14 శాతం, 2019లో 17, 2020లో 20 శాతం లక్ష్యంగా పెట్టుకున్నారు. అమ్మాయిల జాబితాలో ఆఖరి ర్యాంకు వెనకే ఉంటుంది, దాచడమెందుకు? అయితే ఆ ఆఖరి పిల్ల కూడా జేఈఈ అడ్వాన్స్‌డ్ గట్టెక్కిందే.

అపోహ: కోటా లేని రోజుల్లోనే ఆడవాళ్లు సొంత తెలివితో ఇంజినీర్లయ్యారు. ఇప్పుడెందుకివన్నీ?

వాస్తవం: అయ్యారు. ఎలా అయ్యారో కూడా చెప్పుకోవాలి మరి. మన తెలుగింటి ఆడపడుచు అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. 15 ఏళ్లకే పెళ్లి. 18 ఏళ్లకి భర్త పోయాడు, చేతిలో నాలుగు నెలల పాప. 1940లో గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్‌లో చేరారు. అప్పటికి అక్కడ ఆడపిల్లన్న మాటే లేదు. కొద్దికాలానికి కేరళ నుంచి లీలమ్మ జార్జ్, త్రేసియా సివిల్‌లో చేరారు. వీళ్లు చదువు ముగించేసరికి పట్టాల మీద 'అతడు' అనే అచ్చుమాట కొట్టేసి 'ఆమె' అని రాయాల్సి వచ్చింది. లలిత తర్వాత భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు, 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజినీర్ల తొలి అంతర్జాతీయ సదస్సుకి వెళ్లారు.

ఇంత తెలివీ ఆమెదే. కాకపోతే తండ్రి పప్పు సుబ్బారావు గారు అదే కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ప్రిన్సిపాల్ చాకోతో మాట్లాడి ఒప్పించింది ఆయనే. మా ఊళ్లో బడి నుంచి వచ్చి నాన్న మగ్గానికి కండెలు చుట్టిపెట్టే పిల్ల తరఫున ఏ ప్రిన్సిపాల్‌తో ఎవరు మాట్లాడతారు? సర్కారు నియమం చేసేది ఆ తండ్రి చేసిన పనే.

అపోహ: ట్రిపుల్ ఐటీలో సర్కారు బడి పిల్లలకి ఊరికే మార్కులు కలుపుతారు.

వాస్తవం: కలిపేది 4 శాతం, అదీ హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకి. ట్యూషనూ కోచింగూ లేకుండా పదో తరగతి దాటినందుకు అది పెద్ద ఉదారమేం కాదు. అన్నట్టు, ఇటీవలి ఎంపిక జాబితాల్లో అమ్మాయిలే ఎక్కువ.

అపోహ: సీటొచ్చినా ఖర్చు మనదే. స్కాలర్‌షిప్పొస్తే ఇంటికొకరికే.

వాస్తవం: ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల దాకా వర్తిస్తుంది. ఏడాదికి 50,000 రూపాయలు. ఇంటి ఆదాయం 8 లక్షలు దాటకూడదు. ఇంజినీరింగ్ డిగ్రీకీ ఉంది, డిప్లొమాకీ ఉంది. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి, మార్కుల వరసలో ఎంపిక చేస్తారు. మా వీధిలో చాలామందికి దీని పేరే తెలియదు. ఫీజు రీయింబర్స్‌మెంటొక్కటే ఉందనుకుంటారు.

కాబట్టి ర్యాంకు చేతికొచ్చిన వారంలోనే సచివాలయానికి వెళ్లి ఆదాయ ధ్రువపత్రానికి అర్జీ పెట్టండి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు అమలాపురం చుట్టుపక్కల కాలేజీలతోనే ఆగిపోకండి. ఎదుర్లంక వంతెన దాటి యానాం మీదుగా వెళ్తే కాకినాడ, అక్కడ జేఎన్‌టీయూ ఉంది. దాన్ని పై వరసలో పెట్టండి.