తొట్టిలో పురుగు.. మందేస్తే చేపకే ముప్పు

చెన్నై: రంగు చేపలంటే నగరవాసులకు ముందు గుర్తొచ్చేది కొళత్తూరే. అక్కడ కొన్న గప్పీలతో మొదలుపెట్టి ఉప్పునీటి అక్వేరియం దాకా వెళ్లినవారిని బెదరగొట్టేది బ్రిసిల్ వార్మ్. లైటు ఆర్పగానే రాళ్ల సందుల్లోంచి జెర్రిలా పాకుతుంది. కంగారుపడి మందు పోస్తే అసలుకే మోసం. పురుగులు రాళ్లలోనే చచ్చి కుళ్లి, అమ్మోనియా పెరిగి చేపలే పోతాయి.

నిజానికి వీటిలో చాలా రకాలు మిగిలిన మేత తిని తొట్టిని శుభ్రం చేసేవే. అవి బాగా పెరిగాయంటే మేత ఎక్కువ పడుతోందన్నమాట. చేపలు రెండు మూడు నిమిషాల్లో తినేంతే వేస్తే క్రమంగా తగ్గుతాయి. అప్పటికీ ఎక్కువగా ఉంటే రాత్రిపూట రొయ్య ముక్క ఎరగా ఉచ్చు పెట్టి పట్టుకోవచ్చు. పగడాలను తినే ఫైర్‌వార్మ్ కనిపిస్తే మాత్రం పటకారుతో తీసేయాల్సిందే. ఏ రకమైనా ఉత్త చేత్తో ముట్టుకోకూడదు. సన్నని ముళ్లు దిగి మంట పుడుతుంది.