బెదురు పశువును వాహనం ఎక్కించడం

ఇరుకు చోటుకు, కదిలే నేలకు భయపడే గేదె, ఆవు, ఎద్దు, గుర్రం వంటి జంతువును కొట్టకుండా, ఈడ్వకుండా వ్యాను లేదా లారీ ప్రయాణానికి మచ్చిక చేయడాన్ని '''బెదురు పశువును వాహనం ఎక్కించడం''' అంటారు. పాశ్చాత్య దేశాలలో ఇది ప్రధానంగా గుర్రాలకు సంబంధించిన విద్య. గోదావరి డెల్టాలో, పాలకొల్లు, నరసాపురం పరిసరాలలో దీని అవసరం ఎక్కువగా పాడిగేదెలతోనే కలుగుతుంది.

== అవసరం ==
సంతకు తోలడానికి, అమ్మిన గేదెను కొత్త యజమాని ఇంటికి చేర్చడానికి వాహనం కావాలి. అంతకన్న ముఖ్యమైనది వరద. ధవళేశ్వరం వద్ద 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు, 2022 జూలైలో 25 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం వచ్చింది. అటువంటప్పుడు వశిష్ఠ పాయ వెంట ఉన్న యలమంచిలి మండలపు లంకల నుండి పశువులను తరలించాలి. ఏటిగట్టు మీద వ్యాను సిద్ధంగా ఉన్నా, ఎన్నడూ పలక ఎక్కని గేదె ఆ చీకటిలో, ఆ వానలో ఎక్కదు. పశువును విడిచి రాలేక మనిషి కూడా ఆగిపోయే ప్రమాదం ఉంది. కనుక మచ్చిక చేయవలసినది వేసవిలోనే.

== భయానికి కారణాలు ==
పశువు కళ్ళు తలకు ఇరుపక్కలా ఉండటం వలన చుట్టూ చాలా భాగం కనిపిస్తుంది గాని, లోతును అంచనా వేసే శక్తి తక్కువ. నేలపై పడిన నీడ దానికి గోతిలా తోచవచ్చు. ఎండలోంచి చీకటిగా ఉన్న వాహనంలోకి చూస్తే లోపల ఏమీ కనిపించదు. రేకు చప్పుడు, గిట్టలు జారడం, పలక ఊగడం భయాన్ని పెంచుతాయి. దీనిని మొండితనం అనుకోవడం పొరపాటు. అమెరికా శాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పశువు కంటితో దారిని చూడాలని చెప్పి, ఆ ప్రకారమే పశువులను నడిపించే దారులను రూపొందించారు.

== మచ్చిక చేసే విధానం ==
ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, వాహనాన్ని పాక దగ్గర నిలపాలి. వెనుక భాగాన్ని గట్టుకో మట్టిదిబ్బకో ఆనిస్తే ఎక్కవలసిన ఎత్తే ఉండదు. ఇది అన్నిటికన్న సులువైన ఉపాయం. అది వీలుకాకపోతే కదలని వెడల్పాటి పలక వేసి, దానిపై వరిగడ్డి పరచాలి. మొదట తవుడు, చిట్టు కలిపిన కుడితి తొట్టెను పలక దగ్గర పెట్టి, రోజురోజుకూ లోపలికి జరపాలి. పశువు ఒక అడుగు ముందుకు వేయగానే పగ్గం వదులు చేయాలి. వెనక్కి వస్తే రానివ్వాలి. ముకుతాడు లాగినా, తోక మెలిపెట్టినా ఆనాటికి ఎక్కుతుందేమో గాని, మరునాడు వాహనాన్ని చూడగానే బెదురుతుంది. ముందుగా నెమ్మదైన గేదెను ఎక్కించి చూపితే రెండవది వెంట నడుస్తుంది. తరువాత ఇంజను శబ్దానికి, ఆపైన ఊరి చివరి వరకు చిన్న ప్రయాణాలకు అలవాటు చేయాలి.

== ప్రయాణం ==
1978 నాటి జంతువుల రవాణా నియమాల ప్రకారం ఒక సరకు వాహనంలో ఆరు పశువులకు మించరాదు. వాటి ముఖాలు ఇంజను వైపు ఉండటం మంచిది. 2016 నుండి అమలైన మోటారు వాహన నియమాలు ఆవుకు, గేదెకు 2 చదరపు మీటర్లు, గుర్రానికి 2.25 చదరపు మీటర్ల చోటు నిర్దేశించాయి. పలుపును వెంటనే ఊడే జారుముడితో కట్టాలి. గేదెకు స్వేదగ్రంథులు తక్కువ, చర్మం నలుపు. కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరడం మేలు. బెదిరిన గేదె ఒంట్లో విడుదలయ్యే అడ్రినలిన్, చేపుకు కారణమైన ఆక్సిటోసిన్‌ను అడ్డుకుంటుంది. అందువలన దించిన పూట పాలు తగ్గినా కంగారుపడి సూది మందు వేయించకుండా, నీరు పెట్టి, నీడలో కట్టి, అలవాటైన మనిషి చేతనే పితికించాలి.