నీతిచంద్రికను మరల చదివినప్పుడు

పరవస్తు చిన్నయసూరిగారి నీతిచంద్రికను మేము బాల్యమున పాఠముగా చదివితిమి. ఏబది యేండ్లు దాటిన పిమ్మట దానిని మరల ఆద్యంతము చదివితిమి. అందు తోచిన కొన్ని విషయములను తల్లిదండ్రులకు విన్నవింపదలచితిమి.

తమిళనాట స్థిరపడిన మనకు ఈ గ్రంథము పరాయిది కాదు. సూరిగారు పెరుంబూదూరు వారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులు. 1853లో ఇది అచ్చయినది. పంచతంత్ర హితోపదేశముల కథలను గైకొని మిత్రలాభము, మిత్రభేదము అను రెండు భాగములు మాత్రమే వారు వ్రాసిరి. తక్కిన విగ్రహము, సంధి అను వానిని పిదప వీరేశలింగము పంతులుగారు రచించిరి.

బాల్యమున మాకు కావలసినవి కాకి, ఎలుక, తాబేలు, జింక. వలతోగూడ ఎగిరిపోయిన పావురములను తలచుకొని ఎంత సంతోషించితిమో! ఇప్పుడు మాత్రము అంతకు ముందున్న చిన్న ఘట్టమువద్ద ఆగిపోయితిమి. మనుష్య సంచారము లేని అడవిలో నూకలెట్లు వచ్చునని చిత్రగ్రీవుడు ముందే హెచ్చరించెను. వేరొక పావురము మాట విని తక్కినవి వ్రాలి చిక్కుకొనెను. అన్నియు దానిని నిందింపగా వారించినవాడు ఆ చిత్రగ్రీవుడే. నేను చెప్పలేదా యని అతడు అనలేదు. పిల్లవాడు పరీక్ష తప్పి యింటికి వచ్చిన దినమున మనలో ఎందరము ఆ మాట అనకుందుము? హిరణ్యకుడు వల కొరుక వచ్చినప్పుడు గూడ ముందు తన పరివారమునే విడిపింపుమని అతడు కోరెను.

మిత్రభేదమున దమనకునిపై ఆనాడు మాకు మిక్కిలి కోపము వచ్చెడిది. నేడు వింతగా తోచినది మఱొకటి. ఆ మాట నిజమా యని సింహము ఎద్దును గాని, ఎద్దు సింహమును గాని నేరుగ అడుగనే లేదు.

ఇక కథాముఖము. పాటలీపుత్రపు రాజు సుదర్శనుడు తన కుమారులు చదువు లేక తిరుగుచున్నారని విచారించి వారిని విష్ణుశర్మకు అప్పగించును. ఆ పుటలను బాల్యమున గబగబ దాటివేసెడివారము. అవి తండ్రుల కొరకే వ్రాసినవని ఇప్పుడు తెలిసినది.

శైలి కఠినమే; దీర్ఘసమాసములు కొన్నిచోట్ల మాకును విసుగు పుట్టించినవి. మన పిల్లలకు మఱింత కష్టము. 2006 నాటి చట్టముచే పదవ తరగతి వరకు తమిళము క్రమముగా నిర్బంధమైనది. అదియు నేర్వవలసినదే, కాని తెలుగు చదువునకు మిగులు గంటలు కొన్నియే.

కావున పుస్తకమును పిల్లవాని చేతికిచ్చి ఊరకుండక, రాత్రి భోజనము పిమ్మట ఒక్కొక్క పుట మీరే బిగ్గరగా చదువుడు. అర్థము కాని పదమును కాగితముపై వ్రాసి పంపుడు. మఱునాడు తరగతిలో చెప్పెదము. పావురముల కథతో మొదలుపెట్టుడు. కథాముఖమును మాత్రము పిల్లలు నిద్రించిన పిమ్మట మీరే చదువుకొనుడు.